‘రుక్’ అన్నచోట ఆగిన పాట

కోతలు కోయడంలో నాకొక పద్ధతి ఉంది. ప్రతి కోతలోనూ ఒక నిజమైన మేకు దిగ్గొట్టాలి. మిగతాదంతా దానికి తగిలించుకోవచ్చు. పెద్దవాన పడిన ఏడాది మా స్కూటరు యూసుఫ్‌గూడ నుంచి అమీర్‌పేట దాకా ఈదుకుంటూ వచ్చి మా గేటు ముందు హారన్ కొట్టిందని చెబుతుంటాను. వాన పడిన మాట నిజం, స్కూటరు తడిసిన మాటా నిజం. ఇన్నేళ్లుగా ఇలాగే బతికాను, ఎవరికీ ఏ నష్టమూ రాలేదు. ఒక్క కోత మాత్రం తిరిగొచ్చి నన్నే కోసింది. అది కూడా పంజాగుట్టలో, ఆదివారం సాయంత్రం, చెప్పుల దుకాణం ముందు.

మా కాలేజీ రోజుల్లో బొంబాయి బ్యాండ్ ఒకటి ఉండేది. నలుగురు కుర్రాళ్లు, నలుగురికీ భుజాల దాకా జుట్టు. హిందీలో పాడేవాళ్లు. నాకు వాళ్ల పాటలంటే అన్నం కంటే ఇష్టం. అసలు క్యాసెట్ నా దగ్గర లేదు. మైత్రీవనం వెనక సందులో రికార్డింగ్ దుకాణం ఒకటి ఉండేది, లోపల మనిషి కూర్చుంటే మోకాళ్లు రోడ్డు మీదికి వచ్చేంత దుకాణం. దాని యజమానిని అందరం భాయ్ అనేవాళ్లం. ఖాళీ క్యాసెట్ ఇస్తే కావలసిన పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. ఆ బ్యాండ్ అసలు క్యాసెట్‌ను ఆయన మెషిన్ ఒకరోజు నమిలి మింగేసిందట. అంతకుముందే తీసిపెట్టుకున్న కాపీ ఒకటి మిగిలింది. అమీర్‌పేటలో ఎవరడిగినా ఆ ఒక్క కాపీ నుంచే దించి ఇచ్చేవాడు.

ఆ క్యాసెట్‌లో ఆఖరి పాట నా ప్రాణం. అందులో ఒక మనిషి నడుస్తూ ఉంటాడు. ఇల్లు దాటుతాడు, ఊరు దాటుతాడు, ఏరు దాటుతాడు. వెనక వాయిద్యాలు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. డ్రమ్ములు మన పక్కటెముకల మీద మోగుతాయి. ఇంక తట్టుకోలేం అనుకునేసరికి పాడేవాడు గొంతు చించుకుని ‘రుక్’ అంటాడు. ఆగు అని. అంతే, టక్. నిశ్శబ్దం.

మొదటిసారి విన్నప్పుడు నాకు అనుమానం వచ్చింది. దుకాణానికి పోయి అడిగాను.

“భాయ్, పాట గింతేనా?”

భాయ్ తలెత్తకుండానే జవాబిచ్చాడు. “రుక్ అన్నడు గదా. ఇంకేం పాడుతడు?”

నాకు సబబుగానే తోచింది. ఆగు అన్నాడు, ఆగింది. అంతకంటే గొప్ప ముగింపు ఏ పాటకుంది?

ఆ ముగింపే నాకు పెళ్లి చేసింది. ఆ రోజుల్లో అమీర్‌పేటలో గోడ కనబడితే దాని మీద కంప్యూటర్ కోర్సు బోర్డు ఉండేది. నేనూ ఒక కోర్సులో చేరాను. మా బ్యాచ్‌లోనే గుంటూరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఒకామె ఉండేది, మధురానగర్ హాస్టల్లో ఉండేది. ముందు బ్యాచ్ అయ్యేదాకా అందరం మెట్ల మీద నిలబడాలి. ఒకరోజు ఆమె నా వాక్‌మన్ అడిగి తీసుకుని ఆ పాట వింది. విని, “వీళ్లెవరండీ, ఇంత బాగా పాడుతున్నారు?” అంది. నేను ఊరికే జవాబు చెప్పి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

“వీళ్లను నేను చూసిన,” అన్నాను. “పరేడ్ గ్రౌండ్‌ల.”

మొదటిరోజు చెప్పిన కోతలో నేను జనం వెనక ఎక్కడో ఉన్నాను. ఆమె కళ్లు పెద్దవి కావడం చూసి మర్నాటికి ముందు వరుసలోకి వచ్చాను. వారం తిరిగేసరికి పాడేవాడు చెయ్యి పైకెత్తి ‘రుక్’ అన్నాడు, బ్యాండ్ మొత్తం కొయ్యబొమ్మలా ఆగిపోయింది, నలుగురూ ఒక్క మాట లేకుండా స్టేజీ దిగి వెళ్లిపోయారు, పది వేలమంది పావుగంట సేపు ఊపిరి పీల్చలేదు. కోర్సు అయిపోయే నాటికి డ్రమ్ములు కొట్టేవాడు దిగుతూ దిగుతూ విసిరిన కర్ర నా చేతిలో పడింది. ఆ కర్ర కూడా తెచ్చి చూపించాను. ఇప్పటికీ మా ఇంట్లో టీవీ పక్క అద్దాల బీరువాలో ఉంది.

నిజం మేకు ఏదంటారా? పాట నిజం. పరేడ్ గ్రౌండ్ నిజం, అది అక్కడే ఉంది. నేను మాత్రం అక్కడ లేను. వాళ్లు అసలు హైదరాబాదు వచ్చారో లేదో కూడా నాకు తెలియదు.

ఫోన్లలో అన్నీ దొరుకుతున్న ఈ రోజుల్లో ఆ పాట పూర్తిగా వినలేదా అని మీరు అడగొచ్చు. ఒకసారి పెట్టాను. ‘రుక్’ తర్వాత కూడా ఏదో రాబోతున్నట్టు అనిపించింది. ఎవడో పనిలేనివాడు అతికించాడని చటుక్కున ఆపేశాను. అలా నిజంగా అనుకున్నానా, అనుకోవాలని అనుకున్నానా అన్నది ఇప్పుడు చెప్పలేను. మళ్లీ పెట్టలేదు.

పోయిన నెల మా ఆవిడ ఆఫీసు నుంచి వస్తూనే ఫోను నా మొహానికి ఆనించింది. మా అమీర్‌పేట నుంచి నడిచి పోగలిగినంత దూరంలో, పంజాగుట్ట మాల్‌లో, ఆదివారం అయిదు గంటలకు ఆ బ్యాండ్ వాయిస్తోందట. అదే బ్యాండ్, ఆ నలుగురే.

“చూశారా! మీరు మళ్లీ చూడొచ్చు. నేను మొదటిసారి చూస్తాను,” అంది.

ఆ మాట దగ్గర నా నిద్ర పోయింది. ముప్ఫై ఏళ్లుగా చూడాలనుకున్నవాళ్లను నేను మొదటిసారి చూడబోతున్నాను, కానీ రెండోసారి చూస్తున్నవాడి మొహం పెట్టుకోవాలి. సంతోషపడితే దొరికిపోతాను, పడకపోయినా దొరికిపోతాను. దానికి తోడు వాళ్లలో ఎవరైనా మైకు పట్టుకుని, ‘మేం హైదరాబాదు రావడం ఇదే మొదటిసారి’ అంటే? ఆ ‘రుక్’ దగ్గర ఆగకపోతే?

శనివారం నుంచే మోకాలి నొప్పి మొదలుపెట్టాను. ఆవిడ తైలం తెచ్చి రాసింది. ఆదివారం పొద్దున కడుపులో తిప్పుతోందన్నాను. మజ్జిగ ఇచ్చింది. మధ్యాహ్నం పంజాగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ ఎలా ఉంటుందో చెప్పబోతే, “మెట్రో ఉంది కదండీ,” అంది. బయల్దేరేటప్పుడు అద్దాల బీరువా తలుపు చప్పుడైంది. ఆ కర్రను రుమాలులో చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటోంది.

“అదెందుకే?”

“డ్రమ్ములాయన చేత సంతకం పెట్టిద్దాం. ఎంత ఆశ్చర్యపోతాడో!”

మెట్రోలో సీటు దొరికినా నేను కూర్చోలేదు.

మాల్ కింది అంతస్తులో చెప్పుల దుకాణానికీ కుక్కర్ల దుకాణానికీ మధ్య చిన్న స్టేజీ కట్టారు. నేను మంచినీళ్లకని ఒకసారి, బాత్రూముకని రెండుసార్లు, ఎవరో తెలిసినాయన కనబడ్డాడని ఇంకోసారి ఎస్కలేటర్ ఎక్కి దిగాను. పై నుంచి చూస్తే మా ఆవిడ మొదటి వరుసలో నాకు చోటు పట్టి, పక్కనున్న మనిషితో ఏదో చెబుతోంది. అతనిది బట్టతల, చంకలో సోమాజిగూడ ఆసుపత్రి ఎక్స్‌రే కవరు. కిందికి వచ్చేసరికి మాట వినబడింది.

“ఆఖరి పాటలో చూడండి, రుక్ అని ఆపేసి వెళ్లిపోతారు. మా వారు అప్పట్లో చూశారు.”

“అవునా మేడమ్!” అని అతను నా వైపు చూసిన చూపులో భక్తి ఉంది.

బ్యాండ్ వచ్చింది. భుజాల దాకా జుట్టు ఎవరికీ లేదు, ఇద్దరికైతే అసలు జుట్టే లేదు. గిటారాయన కళ్లజోడు తాడుకు కట్టి మెడలో వేసుకున్నాడు. డ్రమ్ములాయన స్టూలు మీద కూర్చోవడానికి రెండు ప్రయత్నాలు చేశాడు. కానీ మొదటి పాట ఎత్తుకున్నారో లేదో, నా కాళ్ల కింద గచ్చు మెట్లుగా మారింది, నేను పాత కోర్సు బిల్డింగులో నిలబడ్డాను. ఇందులో కోత లేదు. మనసారా ఒక్క కేక వేయాలనిపించింది. వేయలేదు. ఇవన్నీ ముందే చూసినవాడిలా తల పంకించాను. పాటకూ పాటకూ మధ్య పాడేవాడు మైకు నోటి దగ్గరికి తెచ్చిన ప్రతిసారీ నా పై ప్రాణాలు పైనే పోయేవి. “హైదరాబాద్, కైసే హో?” అని కుశలం అడిగి ఊరుకునేవాడు. బతికించాడనుకునేవాణ్ని.

చివరికి ఆ పాట వచ్చింది. మనిషి నడిచాడు. ఇల్లు దాటాడు, ఊరు దాటాడు, ఏరు దాటాడు. డ్రమ్ములు పక్కటెముకల మీదికి వచ్చాయి. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పాడేవాడు కళ్లు మూసుకుని, “రుక్...” అన్నాడు.

నేను ఆగిపోయాను. అలవాటు. చేతులు వాటంతట అవే చప్పట్లలోకి వచ్చేశాయి.

“...నా నహీ!” అన్నాడు ఆయన. “రుక్‌నా నహీ!”

ఆగొద్దు అంటున్నాడు. డ్రమ్ములు ఇంకో మెట్టు ఎక్కాయి. పాట పోతూనే ఉంది. అంత హోరులో నేనొక్కడినే చప్పట్లు కొడుతున్నానని తెలిసి సిగ్గుతో తల తిప్పితే, నేనొక్కడినే కాదు. బట్టతలాయన కొడుతున్నాడు. వెనక చుడీదార్ వేసుకున్న నా వయసు ఆవిడ ఊగడం ఆపి నోరు తెరుచుకుని నిలబడింది. అటు పక్క ఇంకో ఇద్దరు. వందమంది అని చెప్పాలని నాలుక దురద పెడుతోంది కానీ, నన్ను కలుపుకుని అయిదుగురే. మేం అయిదుగురం సరిగ్గా ఒకే చోట ఆగాం.

బట్టతలాయన నా భుజం పట్టుకుని ఊపాడు. “అన్నా! మీది సుత భాయ్ దుకాణం క్యాసెట్టేనా?”

“ఏ భాయ్?” అన్నాను నీరసంగా.

“గదే, మైత్రీవనం ఎనక! గీన్నే టక్కున బందైతుండె గదా. ముప్పై ఏండ్ల సంది గిదే ఆఖరనుకున్న. మస్తు బనాయించిండు భాయ్!”

మా ఆవిడ నా చెయ్యి వదిలేసింది. “ఏం క్యాసెట్ అండీ?” అని అతన్నే అడిగింది.

“పాట పట్టక సగంలనే రీలు అయిపోతుండె మేడమ్. అమీర్‌పేటోళ్లకు అందరికి గట్లనే ఉంటది,” అని ఆయన మళ్లీ స్టేజీ వైపు తిరిగాడు.

ఆమె నా మొహంలోకి చూసింది. “పరేడ్ గ్రౌండ్‌లో కూడా ఇక్కడే ఆపేశారన్నారు.”

“ఆ.”

“క్యాసెట్ అయిపోయిన చోటే.”

నా దగ్గర అప్పటికే మూడు కథలు తయారుగా ఉన్నాయి. ఆ రోజు కరెంటు పోయింది. పాడేవాడికి గొంతు పట్టేసింది. ఆకాశంలో మిడతల దండు కూడా ఉంది. కానీ కోత పద్ధతిగా కోయాలంటే కనీసం అయిదు నిమిషాలు పడుతుంది. అటువైపు నేను జీవితంలో వినని సగం పాట అయిపోతోంది. నిజానికి ఒక్క మాట చాలు.

“పోలేదే,” అన్నాను. “నేనసలు పోలేదు.”

“అసలు వాళ్లొచ్చారా?”

“తెల్వదు.”

ఆమె హ్యాండ్‌బ్యాగు తెరిచి రుమాలు విప్పింది. “మరి ఇది?”

“యూసుఫ్‌గూడల మా దోస్తు పెండ్లి బరాత్‌ల కొట్టినోళ్లది. కింద పడితే తెచ్చుకున్న.” ఇంకా నాలుక ఊరుకోలేదు. “అది సుత బ్యాండే గదా.”

ఆమె నవ్వలేదు. “మా అక్కావాళ్లకి చెప్పాను. ఆఫీసులో అందరికీ చెప్పాను. ఇందాక ఈయనకీ చెప్పాను,” అంది. ఒక్కొక్కటీ మెల్లగా, వేళ్లు మడుస్తున్నట్టు. కర్ర మళ్లీ రుమాలులో చుట్టింది. నాకు పాట వైపు చెవి, ఆమె వైపు కళ్లు.

బ్యాగు మూసి అడిగింది. “అంటే మీరు వీళ్లని చూడటం ఇదే మొదటిసారా?”

“ఆ.”

“మరి నిన్నట్నుంచీ ఆ మొహం ఏంటి? మోకాలు, కడుపు, ఎస్కలేటరు... మొదటిసారి చూస్తున్నవాళ్లు చేసే పనులేనా ఇవి? ఇంటికెళ్లాక మీ సంగతి చెప్తాను. ముందు వినండి.”

నా వీపు మీద చెయ్యి వేసి స్టేజీ వైపు ఒక్క తోపు తోసింది.

విన్నాను. ఏరు దాటినవాడు ఆగలేదు, కొండ ఎక్కాడు. నేను ముప్ఫై ఏళ్లుగా ఏటి ఒడ్డునే నిలబెట్టిన మనిషి. గిటారాయన ఒక్కడే చాలాసేపు వాయించాడు. తర్వాత డ్రమ్ములు సద్దుమణిగాయి, వాయిద్యాలు వచ్చినట్టే ఒక్కొక్కటే తప్పుకున్నాయి, చివరికి పాడేవాడి గొంతు ఒక్కటే మిగిలి గాలిలో తేలింది. మొదటి పాట నుంచీ దాచిపెట్టిన కేక అప్పుడు వేశాను. కుక్కర్ల దుకాణంవాడు బయటికొచ్చి చూశాడు.

ఆ గొంతు కూడా ఆగింది. నేనూ, బట్టతలాయనా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చేతులెత్తాం కానీ ఇద్దరికీ ధైర్యం చాలలేదు. ఒకసారి మోసపోయినవాళ్లం. ఇంకా ఏముందో, మళ్లీ ఎక్కడ మొదలవుతుందో.

వెనక నుంచి మా ఆవిడ అంది.

“అయిపోయిందండీ. ఇప్పుడు కొట్టొచ్చు.”