మా మేడం చేతికి నేను వేసిన కట్టు

మా మేడం పోయారు. పోయిన వారం తెల్లవారుతుండగా ఆవిడ భర్త ఫోన్ చేశారు. మేమంతా ఆయన్ని బాబాయిగారు అంటాం. "మీ మేడం ఎల్లిపోయిందమ్మా. సేతికి కట్టుంది. దాంతో కాటికి పంపకూడదంటన్నారు. నువ్వే ఏసావు, నువ్వే వచ్చి తియ్యాల" అన్నారు. మా ఊరు దిగపహండిలో బరంపురం బస్సెక్కాను. దారిలో నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. నిజం చెప్పాలంటే అది ఇంకా పూర్తిగా వదల్లేదు.

మీలో చాలామందికి ఆవిడ తెలియకపోవచ్చు. బిగుసుకుపోయిన చేతుల్ని మళ్ళీ కదిలించడం ఎలాగో మా గంజాం జిల్లా ఫిజియోథెరపీ పిల్లలకి నేర్పిన మనిషి. ఆదివారాలు బరంపురం హల్దియాపదర్‌లో వాళ్ళింటి ముందుగదిలోనే క్లాసు. ఒరియా పిల్లలతో ఒరియా, మాతో తెలుగు, కోపం వస్తే రెండూ కలిపి.

విరిగిన ఎముక అతికాక కూడా కొందరికి వేళ్ళు కర్రల్లా ఉండిపోతాయి. అలాంటి చేతికి ఆవిడ మళ్ళీ సిమెంటు కట్టే వేయించేవారు. బిగుసుకున్న చేతికి కట్టేమిటని కొత్తగా వచ్చినవాళ్ళంతా తెల్లమొహం వేసేవాళ్ళం. "మణికట్టూ, ఏళ్ళ మొదలూ సులువుగా ఆడతాయి. అందుకని సెయ్యి ఆటితోనే పని కానిచ్చేస్తాది. ఆటిని కట్టేసి సూడు, మొండికేసిన కీళ్ళు కదలక ఏటి సేస్తాయి?" అనేవారు. కట్టు వారాల తరబడి రాత్రీ పగలూ ఉండాలి. బయటికున్న వేళ్ళని రోగి తనంతట తనే ఆడించుకోవాలి. ఇంకెవరూ లాగకూడదు.

ఈ లాగకూడదన్నదే మావాళ్ళకి మింగుడుపడదు. చెయ్యి బిగిసిందంటే ఇంటిల్లిపాదీ నూనె గిన్నె పట్టుకుని బయల్దేరతారు. రంభ అనే ఊరి నుంచి చేపలమ్ముకునే ఒకావిడ వాచిన వేళ్ళతో వచ్చి, అత్త రోజూ రుద్ది రుద్ది లాగుతోందని ఏడ్చింది. మేడం ఆమె చేతికి దూది చుడుతూ, "ఈ కట్టు సగం నీ ఏళ్ళకి, సగం మీ అత్తకి" అన్నారు. ఏడుస్తున్న మనిషి కాస్తా పకపకా నవ్వింది.

నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళెవరైనా ముందు తమ చేతికి కట్టు వేయించుకుని ఇంటికి వెళ్ళాల్సిందే. నాది అసలే పిరికి ప్రాణం. బస్సు ఊరు దాటకుండానే వేళ్ళు చచ్చుబడిపోతున్నాయని ఫోన్ చేశాను. "గోళ్ళ రంగేటి?" అన్నారు. నీలం తిరగలేదు, మామూలుగానే ఉన్నాయన్నాను. "అయితే సెయ్యి బాగుంది. నీకు భయమేసింది, అంతే. ఎయ్యనీ" అని పెట్టేశారు. ఆ తర్వాత ఎన్నేళ్ళయినా, ఎవరికి కట్టు వేసినా, నేను హడలిపోయి ఫోన్ చేస్తే ఆవిడ మొదట అడిగేది గోళ్ళ రంగే. ఆ గొంతు వింటే నా గుండె కుదుటపడేది.

ఈ వానాకాలంలో ఆవిడే మెట్ల మీద జారిపడ్డారు. మణికట్టు అతికింది గాని కుడిచేతి వేళ్ళు వంగలేదు. కట్టు వేసి చూపించాల్సిన చెయ్యి అది. అది బాగుపడకపోతే ఆవిడ ఇంక నేర్పలేరు. నన్ను పిలిపించి "నువ్వెయ్యి" అన్నారు. నాకంటే సీనియర్లు ఉన్నారు కదా అన్నాను.

"ఆళ్ళకి ధైర్యం ఎక్కువైపోయింది. నువ్వెయ్యి."

తడి పట్టీ నేను చుడుతున్నంతసేపూ ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. కట్టు ఆరాక మాత్రం ఆవిడా అందరిలాంటి రోగే అయ్యారు. పొద్దున్నే ఫోన్ చేసి "దురదేస్తందే, తీసేయ్, ఇంక సాలు" అనేవారు. తీస్తే మొదటికొస్తుంది, ఉంచితే ఏమవుతుందోనని దడ. ఇదివరకు దడ పుడితే ఆవిడనే అడిగేదాన్ని, ఇప్పుడు ఎవరిని అడగను? వేళ్ళు ఎంత వంగుతున్నాయంటే "ఏటోలే" అని మాట మార్చేసేవారు. ఏమీ వంగట్లేదనుకున్నాను. నా గురువు చెయ్యి నా చేతిలోనే పాడైపోతోందని తిండి సహించేది కాదు.

ఆ ఉదయం నేను వెళ్ళేసరికి గుమ్మంలో ఆవిడ మరిది ఉన్నాడు. డాక్టరు వచ్చి గుండె ఆగిపోయిందని చెప్పి వెళ్ళాడన్నాడు. చెప్పి, మళ్ళీ తనే గొంతు తగ్గించి, "ఆ కట్టు వల్ల ఏటైనా అయ్యుంటాదా?" అన్నాడు. బస్సులో దారి పొడుగునా నాకు నేను వేసుకున్న ప్రశ్నే అది.

కట్టు కోశాను. కత్తెర చర్మానికి తగలకుండా అడుగున వేలు పెట్టి, ఆవిడ నేర్పినట్టే కోశాను. లోపల ఎక్కడా ఒరుసుకున్న మచ్చ లేదు, పుండు లేదు. వేళ్ళు వంచి చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది. కానీ పోయిన మనిషి వేళ్ళు వంగితే ఏమిటి, వంగకపోతే ఏమిటి? నేను ఆవిడకి మేలు చేశానో కీడు చేశానో ఇక ఎప్పటికీ తెలియదు. అప్పుడొచ్చింది ఏడుపు.

బాబాయిగారు వచ్చి నా పక్కన చాప మీద కూర్చున్నారు. బజార్లో టోకు కొట్టు నడిపే మనిషి, ఇస్త్రీ చెడని బట్టల్లో తప్ప నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు నలిగిన చొక్కాలో ఉన్నారు.

"రోజూ కొట్టు నుంచి రాగానే నన్ను నిలబెట్టి నా సొక్కా బొత్తాల మీదే సాధన సేసేదమ్మా. అలిసిపోయి ఇసుక్కునేది. నిన్న సందేళ ఇదిగో, ఈ రొమ్ము మీది బొత్తం ఎట్టేసింది. ఆ సేత్తోనే."

"నాకు చెప్పలేదే, బాబాయిగారూ!"

"నేను నీకు ఫోన్ సెయ్యబోయాను. ఒద్దంది. దానికి అప్పుడే సెప్పకండి, భయం పోతాది, కట్టు మార్చడానికి వచ్చినప్పుడు దాని ఎదరే ఎట్టి సూపిత్తాను అంది."

స్నానానికి వేళయిందని, చొక్కా తీసి రమ్మని పురోహితుడు పిలిచాడు. బాబాయిగారు లేచి నిలబడి కింది బొత్తాలు విప్పుకున్నారు. రొమ్ము మీది బొత్తం మాత్రం ముట్టుకోలేదు. చొక్కాని అలాగే తల మీదుగా తీసి, మడత పెట్టి, నా చేతికిచ్చి పెరట్లోకి వెళ్ళారు.