ఆయన సవళు అన్నారు

మీటరు మాస్టారు పోయారు. కబురు తెచ్చింది నాన్న. వడ్ల లారీలో రాయచూరు వచ్చి, హాస్టలు గేటు దగ్గరికి నన్ను పిలిపించాడు.

"మాస్టారు పోయారమ్మా. నిద్రలోనే అంట. మనకి తెలిసేసరికి అన్నీ అయిపోయాయి. నువ్వోసారి వెళ్ళి ఆవిడ్ని పలకరించు" అన్నాడు.

సరే నాన్నా అన్నాను. లారీ వెళ్ళిపోయాక గదిలోకి వచ్చి, సగంలో ఆపిన వాక్యం పూర్తి చేశాను. అది దేని గురించో ఇప్పుడు గుర్తులేదు. దస్తూరి మాత్రం చక్కగానే వచ్చింది.

ఆయన మాకు చుట్టం కాదు. బళ్ళో పాఠాలు చెప్పే మాస్టారూ కాదు. భూమిలోకి కరెంటు పంపి, తవ్వకుండానే లోపల ఏముందో చూసే సర్కారు ఉద్యోగి. అమ్మ ఇంజనీరుగారూ అని పిలిస్తే, "ఇంజనీర్ను గాదమ్మా, మీటర్ సదివెటోన్ని" అనేవారు. చదివేవారు కనుక మా ఇంట్లో మాస్టారు అయిపోయారు.

మాది రాయచూరు జిల్లా పోతనాళ దగ్గర, కాలువ చిట్టచివరి పొలం. నాన్నా అమ్మా కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ వరి వేశారు. కాలువ పారినన్నాళ్ళు ఆ నీళ్ళే తాగేవాళ్ళం. వేసవిలో కాలువ కట్టేస్తే తాగడానికి ఏమీ ఉండేది కాదు. అమ్మ రెండు మైళ్ళు నడిచి బిందె తెచ్చేది. బావి తవ్వక తప్పదు. ఒక్క బావికే మాకు శక్తి ఉంది. ఎక్కడ తవ్వాలో చెప్పడానికి ఆయన వచ్చారు. అప్పుడు నాకు పదేళ్ళు.

ఆయన పని చూడడానికి ఏమంత ఉండదు. నాలుగు ఇనుప గూటాలు ఒకే వరసలో నేలలో దిగ్గొట్టేవారు. చివరి రెంటికీ తీగలు కట్టి బ్యాటరీ నుంచి కరెంటు వదిలేవారు. మధ్య రెంటి దగ్గర మీటరు ముల్లు చూసి ఒక అంకె రాసుకునేవారు. తర్వాత గూటాలు పీకి, ఇంకాస్త ఎడంగా పాతేవారు. ఎడం పెరిగినకొద్దీ కరెంటు లోతుకు వెళుతుంది. వంతెన పునాదికి రాయి ఎంత లోతున దొరుకుతుందో, కాలువ గట్టు లోలోపల ఎక్కడ చెమరుస్తోందో కూడా ఆ నాలుగు గూటాలతోనే చూసేవారట.

నేల ఎండి ఉంటే కరెంటు పట్టదు. గూటాల మొదట్లో నీళ్ళు పొయ్యాలి. ఆరోజు తన సీసాలో నీళ్ళు అయిపోయాక ఆయన అమ్మవైపు చూడలేక చూశారు.

"అక్కా, జరంత నీళ్ళు గావాలె."

అమ్మ బిందెలోంచి సగం చెంబు ముంచి ఇచ్చింది. "నీళ్ళ కోసం నీళ్ళు పోస్తున్నాం. పంట బాగా రావాలి మరి" అంది.

ఆయన నవ్వలేదు. ఒక్కొక్క గూటానికి పుడిసెడు చొప్పున పోసి, మిగిలింది తిరిగి బిందెలో పోశారు.

రెండు చోట్ల చూశారు. నాన్న కోరుకున్న చోటు ఇంటి వెనక, పశువుల పాక పక్కన. రెండోది పొలం అవతలి అంచున, రాళ్ళ మధ్య తుమ్మచెట్టు దగ్గర. ఇంటి వెనక ముల్లు బాగా కిందికి దిగింది. రాయి అయితే కరెంటును ఆపుతుంది, తడి అయితే పోనిస్తుంది అని నాన్న ఎక్కడో విన్నాడు. నీళ్ళు పడ్డట్టే అనుకుని కాలువ పనికి వెళ్ళిపోయాడు. కానీ మాస్టారు అక్కడి మట్టి గోటితో గీకి నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకున్నారు.

"పది లెక్కపెట్టేదాంక ఆగాలె బిడ్డా. ఉప్పు లేటుగ వస్తది" అన్నారు నాతో. "మీటర్ అబద్ధం చెప్పదు. గని సగమే చెప్తది. కడమ సగం నాలికను అడగాలె."

అంతలో జీపు వచ్చింది. ఎక్కుతూ చెప్పారు: "మీ నాయనకు చెప్పు. ఇంటెనుక సవళు. తుమ్మకాడ చూస్కొమ్మను."

సవళు అంటే నాకు తెలియదు. సవాలు తెలుసు. ఆ నెలలోనే పేపర్లో చదివి నేర్చుకున్న మాట. ఆయన 'గీడ', 'గట్ల' అంటుంటే మా ఇంట్లో నవ్వుకునేవాళ్ళం. పాపం పలకడం రాలేదనుకున్నాను. నాన్న రాగానే ఆయన మాటను సరిదిద్ది మరీ చెప్పాను: "ఇంటి వెనక సవాలు అన్నారు నాన్నా. తుమ్మ దగ్గర చూసుకోమన్నారు."

"సవాలే? అంత గట్టిగా అన్నాడా?" నాన్న మొహం విప్పారింది. "తుమ్మ దగ్గరైతే చూసుకోవాలంట, విన్నావా? అంటే అక్కడ జాగ్రత్త అని."

ఆఫీసు కాగితం రావడానికి నెల పట్టేది. అంతదాకా ఎవరూ ఆగలేదు. ఇంటి వెనకే తవ్వించారు. నీళ్ళు తొందరగానే పడ్డాయి. అమ్మ మొదటి చెంబులో ఒక గుక్క తాగి, మిగిలింది పారబోసింది. తర్వాత, "వీటితో పప్పు ఉడకదు" అంది. మర్నాటి నుంచి మళ్ళీ రెండు మైళ్ళు నడిచింది.

మాస్టారు కాగితంతో పాటు తనే వచ్చారు. నాన్న కుర్చీ వేయలేదు.

"సవాలు విసిరారు కదండీ. ఇంతకీ గెలిచింది మీరా, నేనా?"

"ఏం సవాల్ అన్నా?" అని ఆయన నావైపు తిరిగారు. "ఏం చెప్పినవ్ బిడ్డా?"

"మీరు చెప్పిందే చెప్పానండి" అన్నాను.

ఆయన నన్నొక క్షణం చూశారు. తర్వాత నాన్నతో నెమ్మదిగా అన్నారు. "తప్పు నాదే అన్నా. సవళంటే ఈడి కన్నడం మాట, మీ చౌడు. మీ మాటల చెప్పాలె గద. చెప్పలే."

తర్వాత కూడా ఆయన తప్పు తనదేనంటూ వచ్చారు. రెండు ఆదివారాలు సెలవు మానుకుని వచ్చి, తుమ్మ దగ్గర నాన్న, పక్క పొలంవాళ్ళు గడ్డపారలు పట్టి తవ్వుతుంటే గట్టు మీద కూర్చున్నారు. పైకి వచ్చిన ప్రతి తట్టలోంచీ చిటికెడు తీసి చూసేవారు. పొడిపొడిగా చివికిన రాయి వచ్చినప్పుడు, "గిప్పుడు దమ్ము పట్టున్రి" అన్నారు, ఇంకాస్త ఓపిక పట్టమని. అక్కడే నీళ్ళు పడ్డాయి. ఆ సాయంత్రం మా ఇంట్లో పప్పు ఉడికింది.

అప్పటినుంచి ఆయన ఏ ఊరు వెళ్ళినా గూటాలు దించకముందే, "మీ ఇండ్లల్ల దీన్నేమంటరు?" అని ఒక్కొక్క మట్టినీ చూపించి అడిగేవారట. తుర్విహాళలో ఒకటి, గబ్బూరులో ఇంకొకటి. అన్నీ అంకెల పక్కనే రాసుకునేవారు. మా వైపు వస్తే ఆ మాటలు నాకు చదివి వినిపించేవారు. మాటలంటే నాకు ఇష్టం ఏర్పడింది అక్కడే. అబద్ధం చెప్పానని మాత్రం ఆయనకు చెప్పలేదు. ప్రతిసారీ, ఈసారి చెప్పాలి అనుకునేదాన్ని. చదువు రాయచూరులోనే కదా, ఆయన ఇల్లు ఎక్కడికి పోతుంది అనుకునేదాన్ని.

నాన్న చెప్పిన మర్నాడు ఆ ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య నన్ను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది.

"పోతనాళ బిడ్డవే గద? నీ ముచ్చట శానాసార్లు చెప్తుండె. 'నా మాట తప్పనుకొని సరిజేసింది చూడు' అని ఒకటే నవ్వు."

"ఎప్పుడన్నారండీ?"

"ఎన్నడో. మీ కాడ ఉప్పుబాయి పడ్డ యాడాదే."

చాయ్ తాగాను. వేడిగా ఉందో చల్లారిందో తెలియలేదు. గ్లాసు కింద పెట్టాను. ఏడుపు వస్తుందేమో అని చూశాను, రాలేదు.

వసారా మూలలో నాలుగు గూటాలు గోడకు ఆనించి ఉన్నాయి. పనయ్యాక కడిగి తుడిచి పెట్టడం ఆయన అలవాటు. ఈసారి కడగలేదు. మొనలకు మట్టి ఎండి అంటుకుని ఉంది. ఏ ఊరిదో ఆవిడకీ తెలియదు. "ఆఫీసోళ్ళొచ్చి తీస్కపోతరంట" అంటూ ఆమె గ్లాసులు లోపలికి తీసుకెళ్ళింది.

ఒక మొన మీద మట్టి గోటితో గీకి నాలుక మీద వేసుకున్నాను. కళ్ళు మూసుకుని పది లెక్కపెట్టాను. ఏ రుచీ రాలేదు. ఉప్పు ఆలస్యంగా వస్తుందని ఆయన చెప్పారు కదా, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.