నా ఈడు పంతులు

మా రాత్రి బడి పంతులుగారు కాలం చేశారన్న వార్త నా చెవిన పడలేదు. పడకుండా మా అమ్మ అడ్డుకున్నది. ఆ ఉదయం నేను గంజ్ బజారుకు బయలుదేరుతూ చెప్పులు తొడుక్కుంటుండగా ఆమె వంటింట్లోంచి పరుగున వచ్చి, తడి జొన్నపిండి ముద్దలు నా రెండు చెవులలో కుక్కి అరచేతులతో అదిమింది. వీధిలో ఎవరో మా ఇంటి వైపు చూస్తూ ఏదో చెబుతున్నారు. నోళ్లు కదులుతున్నాయి, మాట లేదు. పోయినదెవరో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. వనపర్తిలో నా ఈడువాడని అమ్మ ఎరిగిన మనిషి ఒక్కడే.

ఈ ఆచారం తెలియని పాఠకులుంటారు గనుక చెబుతున్నాను. మా వైపు ఒక మనిషి చనిపోతే, అదే ఏట పుట్టినవాడికి ఆ కబురు వినబడకుండా చెవులు మూస్తారు. పోయినవాడు తోడు కోసం తన ఈడువాణ్ణి పిలుస్తాడనీ, ఆ పిలుపు చావు కబురు వెంటే చెవిలో దూరుతుందనీ నమ్మకం. పంతులుగారూ నేనూ కరువేట పుట్టినవాళ్లం.

నేను గంజ్‌లో దడ్వాయిని, అనగా రైతుల ఆముదాలూ పల్లికాయలూ తూకం వేసేవాణ్ణి. నలభై దాటిన తరువాత పలక పట్టి రాత్రి బడి పరీక్ష నెగ్గాను. ఈ మాట గర్వంతోనే రాస్తున్నాను. ఆ గర్వంలో సగం ఆయనది. బడిలో చేరిన రోజు ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఏ ఏడు పుట్టినవ్?" అని అడిగారు. కరువేడన్నాను.

"నాది గూడ గదే. అయితే నువ్వు శిష్యుడివి కాదు, ఆలస్యంగ వచ్చిన దోస్తువి. కూసో."

పోలికను చెప్పడానికి ఇంగ్లీషులో ఒక్క మాట చాలదని ఆయన పదే పదే చెప్పేవారు. మాతో చదువుకునే దర్జీ మియా డబ్బాలోంచి రెండు బొత్తాములు తీసి, "ఇవి ఐడెంటికల్. కలిపేస్తే ఏది ఏదో వాటి అమ్మకు గూడ తెల్వదు" అనేవారు. వేపరెమ్మ, కరివేపరెమ్మ పక్కపక్కన పెట్టి, "ఇవి సిమిలర్. నమ్మి పప్పుల ఏసుకో, తేడా నాలికె చెప్తది" అనేవారు. తరువాత నా వైపు తిరిగేవారు.

"దడ్వాయీ, నీ తక్కెడల రాయీ ఆముదాలూ ఏమైతయి?"

"ఈక్వల్ పంతులూ."

"మరి రాయిని గానుగల ఏస్తే ఆముదమొస్తదా? బరువుల సమానమైతే పుట్టుకల ఒకటైతదా?"

సేమ్ అన్న మాటకు మాత్రం ఆయన ఏ జతనూ చూపలేదు. "దీనికి రెండోది ఉండదు. ఉంటే అది సేమ్ కాదు" అని ఊరుకునేవారు.

అవి యుద్ధం దినాలు. గ్యాసునూనె దొరక్క బడిలో లాంతరు పెందలాడే ఆరిపోయేది. చీకట్లో కూర్చుని పాఠం వల్లించేవాళ్లం. ఒకసారి అట్లా కూర్చున్నప్పుడు దర్జీ మియా అడిగాడు: "పంతులూ, ఇయ్యాల్టి చీకటీ నిన్నటి చీకటీ సేమా, సిమిలరా?" అందరం నవ్వాము. పంతులుగారు నవ్వలేదు. జవాబు మరుసటి రోజు చెప్పారు. "మియా, చీకటి నిన్నటిదే. దాంట్ల కూసున్న మనమే నిన్నటోళ్లం కాదు. నిన్నటోళ్ల లెక్క ఉన్నోళ్లం." ఆ తరువాత దీపం ఆరినప్పుడల్లా నా పక్కనున్నవాడి మోచేయి ఒకసారి తాకి చూసుకోవడం నాకు అలవాటయింది.

వెనుక నుంచి చూస్తే ఆయనా నేనూ ఒక్కలాగే ఉండేవాళ్లం. అదే భుజాల వంపు, అదే నడక. కూరగాయలమ్మే ఆమె నన్ను "పంతులూ, వంకాయలు గొంటపోరాదు!" అని పిలిచేది. నేను తిరిగితే, "ఓయమ్మ, నువ్వా!" అని నోరు నొక్కుకునేది. ఆయనతో చెబితే, "ఎనకనుంచి మనం ఐడెంటికల్, ముంగటనుంచి సిమిలర్" అన్నారు.

వాచకంలో ఈక్వల్ తరువాత ఈక్వివలెంట్ అన్న మాట ఉంది. ఒకదాని బదులు ఇంకొకటి చెల్లితే ఆ మాట వాడాలని చెప్పి ఆయన పుస్తకం మూశారు. ఉదాహరణ అడిగాను. "దీనికి నేను చెప్ప. ఇంటికి పోయి మీ అమ్మనడుగు" అన్నారు. అడిగాను. అమ్మ జొన్నలు చెరుగుతూ తల ఎత్తకుండా చెప్పింది: "యముడు ఈడును జూసుకుంట వస్తడు కొడకా. ముఖం జూడడు."

పోయిన వానకాలం నాకు జ్వరం పట్టింది. హకీం నాడి చూసి మందు ఇవ్వకుండానే లేచిపోయాడు. నేను పోయానన్న పుకారు కూడా ఊరిలో పుట్టింది. అది విని పంతులుగారు వచ్చారు. అమ్మ గడపకు అడ్డం నిలబడింది.

"నువ్వు రావొద్దు పంతులూ. ఈడోడివి. చెవులు మూసుకొని ఇంట్ల కూసో, పో!"

"నాకు చెవులు మూసెటోళ్లు ఎవరున్నరమ్మా? పెండ్లాం పాయె, పిల్లలు లేకపాయె. ఇన్న తర్వాత రాకుంట ఎట్లుంట?"

అప్పటినుంచి ప్రతిదినం వచ్చి మంచం పక్కన కూర్చుని పాఠాలే వల్లించారు. పాఠం మరిస్తే మళ్లీ మొదటి తరగతిలో కూర్చోబెడతానని బెదిరించారు కూడా. ఒక మధ్యాహ్నం నేను కళ్లు తెరిచేసరికి బయట వాన కురుస్తున్నది. నా గొంగడి కప్పుకొని నేనే గుమ్మం దాటి వెళ్లిపోతున్నాను. నా వీపు నాకు స్పష్టంగా కనబడింది. ఇంత శాంతంగా పోతున్నానే అనుకున్నానుగాని భయపడలేదు. ఆ సాయంత్రం జ్వరం దిగింది. వానలో తడుస్తాడని అమ్మే నా గొంగడి పంతులుగారికి కప్పి పంపిందని తరువాత తెలిసింది.

నేను లేచి తిరిగేసరికి ఆయన మంచాన పడ్డారు. అదే జ్వరం. అమ్మకు తిండి సహించలేదు. "గొంగడి నేనే కప్పితిని. ఎనకనుంచి జూసిన యముడు నువ్వే అనుకొని ఆయన ఎంట పోయిండు" అని గొణుక్కునేది. చూడబోతానంటే నా కాళ్లకు అడ్డం పడేది. "తప్పు తెలుసుకుంటే మళ్లొస్తడు, పోకు!" దర్జీ మియాను పంపాను. అతడు తెచ్చిన మాట ఇది: "నిన్ను రావొద్దన్నడన్నా. 'గొంగడి వెచ్చగున్నది. వాపసు అడగొద్దని వాళ్లమ్మకు జెప్పు' అన్నడు."

ఆ మాట విన్నప్పటినుంచి, ఆయన ఏ సంగతి ఎరిగి ఆ గొంగడి ఉంచుకున్నారోనన్న ఆలోచన నన్ను వదలలేదు.

అందుకే ఆ ఉదయం చెవులలో పిండితోనే నేను గడప దాటాను. అమ్మ చేయి పట్టుకుని గుంజింది. ఆమె నోరు "పోకు, పోకు" అంటున్నది. నేను చెవులు చూపించి, వాటి మీదుగా తువ్వాలు బిగించి కట్టి, తీయనని చేతిలో చేయి వేశాను. అప్పుడు వదిలింది.

శవయాత్ర నిశ్శబ్దంగా సాగింది. డప్పుల మీద కర్రలు పడుతున్నాయి, మోత లేదు. ఆడవాళ్లు గుండెలు బాదుకుంటున్నారు, ఏడుపు లేదు. పాడె నా భుజాన ఉంది. నా తల లోపల ఒక ఊపిరి మాత్రం గట్టిగా ఆడుతున్నది. అది నాదే అని నాకు నేను చెప్పుకుంటూ నడిచాను.

దారి మధ్య దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే తిరిగి వస్తుందని, అక్కడ అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలవాలి. ఆయన తమ్ముడు గోపాల్‌పేట నుంచి ఇంకా చేరలేదు. పెద్దలు చుట్టూ చూశారు. ఒక్కరొక్కరుగా అందరి చూపులూ నా మీద ఆగాయి. దర్జీ మియా నా చొక్కా చెయ్యి పట్టుకుని అడ్డంగా తల ఊపాడు. ఈడువాడు ఈడువాణ్ణి పిలవడం ఎవరూ ఎరుగరు. జవాబు వస్తే అది ఎవరికోసం వస్తుందో అతడికీ తెలుసు, నాకూ తెలుసు.

కానీ నా గడపలో అమ్మ అడ్డం నిలబడినా ఆగకుండా వచ్చిన మనిషిని పిలవడానికి నేను వెనుకాడలేకపోయాను. మోకాళ్ల మీద వంగి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, "పంతులూ!" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్లీ పిలిచాను. మూడోసారి పిలిచి, ముఖం ఎత్తకుండా అక్కడే ఆగాను.

జవాబు రాలేదన్నట్లు పెద్దలు తలలూపారు. చెవులున్నవారు గనుక వారి మాటే నిజం. పాడె లేపడానికి అందరూ వంగారు. ఆకు కదలని ఆ ఎండలో, ఆయన పెదవుల మీది తెల్లబట్ట అంచు ఒక్కసారి లేచి, మెల్లగా పడింది.