అడుగు రేటు

హుబ్బళ్లిలో టైల్స్ పరిచేవాళ్లు రెండు రకాలు. అడుగు రేటు మీద పనిచేసేవాడు మేస్త్రీ. రోజుకూలికి వచ్చేవాడు మనిషి. ఒక మేస్త్రీ, ఇద్దరు మనుషులు వచ్చారని చెప్పుకుంటారు. ఫకీరప్ప చాలా ఏళ్లుగా మేస్త్రీ.

చదరపు అడుగుకు ఇరవైనాలుగు రూపాయలు. పదింట నాలుగు పాళ్లు జోడీగా పనిచేసే దావల్‌సాబ్‌వి. టైల్స్ కోసే మిషను బ్లేడ్ల ఖర్చు ఫకీరప్పదే. బండికి పెట్రోలూ అతనిదే. ఇసుక రాని రోజున, ఇంటివాళ్లు రంగు నచ్చక పెట్టెలు వెనక్కి పంపిన రోజున అడుగులు ఉండవు, రూపాయలూ ఉండవు. పని సాగిన నెలలో మాత్రం అద్దె, గ్యాసు, రోణ ఊళ్లో ఉన్న తల్లికి షుగరు మాత్రలు, కూతురు రేణవ్వ నర్సింగు ఫీజు ఎలాగో గడిచిపోయేవి. ఏమీ మిగిలేది కాదు. అప్పూ ఉండేది కాదు. ఆ సన్నని సందులోనే సంసారం నిలబడి ఉంది. రోజుకూలి ఆ రాబడిలో సగం. కూలికి దిగితే రేణవ్వ చదువు మొదటి సంవత్సరంతో ఆగిపోతుంది. అది ఇంట్లో అందరికీ తెలుసు.

ముందు ఎడమ చెవి పోయింది. కటింగ్ మిషను రోజంతా ఆ చెవి పక్కనే అరిచేది. తర్వాత కుడిది మెల్లగా మూసుకుంది. నీలవ్వ ఏదైనా చెప్పాలంటే మొగుడి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకునేది. ఫోను ఆమే ఎత్తేది. ఆయన మిషను దగ్గరున్నారు, నాకు చెప్పండి అనేది. బయట దావల్‌సాబ్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

టైలు పరిచాక సుత్తి పిడితో తట్టి చూడాలి. కింద సిమెంటు మాలు నిండుగా పట్టుకుంటే గట్టిగా, పొట్టిగా పలుకుతుంది. గాలి చిక్కితే డొల్లగా మోగుతుంది. మోగినదాన్ని అప్పుడే ఎత్తి మళ్లీ పరచాలి. తెల్లారితే బిగిసిపోతుంది. ఇక ఎత్తాలంటే పగలగొట్టడమే. ఫకీరప్ప తట్టి దావల్‌సాబ్ మొహం చూసేవాడు. అతను నిలువుగా తల ఊపితే తర్వాతి టైలు. అడ్డంగా ఊపితే ఎత్తడం. ఏడాదిగా ఇలాగే సాగుతోంది.

ఆ ఎండాకాలం కాంట్రాక్టరు శెట్టర్ ఒక బట్టల వ్యాపారి ఇల్లు అప్పగించాడు. హాలు బాగా వస్తే పై అంతస్తు కూడా నీదే అన్నాడు. పై అంతస్తు దొరికితే రెండో సంవత్సరం ఫీజు వచ్చేస్తుంది.

హాలు పూర్తయిన రోజు శెట్టర్ ఇనుప చువ్వ, సుద్దముక్క తెచ్చుకుని గుమ్మం దగ్గర మొదలుపెట్టాడు. తడుతూ, డొల్ల టైలు మీద ఇంటూ గుర్తు పెడుతూ వెళ్లాడు. చువ్వ లేవడం, పడడం ఫకీరప్ప చూశాడు. మొదటి వరుసలో గుర్తులేవీ పడలేదు. రెండో వరుసలో ఒకటి. కిటికీ దగ్గరికి వెళ్లేసరికి నేలంతా తెల్లగా అయింది.

"మేస్త్రీ, నేల వెయ్యమంటే తబలాలు బిగించావా?"

పెదవులు కదలడం కనిపించింది. ఫకీరప్ప నవ్వాడు. నవ్వాల్సిన మాట కాదని దావల్‌సాబ్ మొహం చూస్తే తెలిసింది. శెట్టర్ కాసేపు అతన్నే చూశాడు. తర్వాత నడిచి అతని వెనక్కి వెళ్లాడు. దావల్‌సాబ్ తల దించుకున్నాడు. వెనక నుంచి తన పేరు పిలిచి ఉంటాడని ఫకీరప్పకు అప్పుడు అర్థమైంది.

శెట్టర్ ముందుకు వచ్చి, ఒక్కొక్క మాటే విడదీసి అడిగాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

చెడ్డమనిషి కాదు. అరవలేదు. పగిలే టైల్స్ ఖరీదు హాలు డబ్బులో కోసుకుంటానని, పై అంతస్తు దావల్‌సాబ్‌కు ఇస్తానని చేతులతో కూడా చూపించి చెప్పాడు. హాలు డబ్బులో దాదాపు ఏమీ మిగల్లేదు.

దావల్‌సాబ్ ఫకీరప్పను సిమెంటు బస్తాల గదిలోకి తీసుకెళ్లాడు. అతనికి వినపడేలా బయట మాట్లాడితే ఊరంతా వినాలి.

"నీకు వినపడిందా, దావల్యా?" అని ఫకీరప్ప అడిగాడు.

"వినపడింది, కాకా."

"మరి తలెందుకు ఊపావు?"

దావల్‌సాబ్ అతని కుడిచెవికి నోరు ఆనించాడు. "ఈ ఇంట్లో మొదటి వారం అడ్డంగానే ఊపాను. ఎత్తడం, పరచడం, మళ్లీ ఎత్తడం. ఇట్లయితే బ్లేడ్ల డబ్బు కూడా రాదురా అన్నది నువ్వే. ఆ మాటతో మానేశాను. నా ఇంట్లోనూ పొయ్యి వెలగాలి గదా."

ఫకీరప్ప ఆ మాట అన్నాడు. ఆ తర్వాత పని ఉన్నట్టుండి జోరందుకుంది. అంత జోరుగా పని ఎలా సాగుతోందని ఒకటి రెండుసార్లు అనుమానం వచ్చింది. అడగలేదు. ఆ వారం ఇంటికి చేపలు కూడా తీసుకెళ్లాడు.

"నాతో రా కాకా. టైళ్ల మధ్య సందులు నింపుదువు గాని. మనిషి కూలి నేనిస్తా."

చూస్తానన్నాడు. ఇంట్లో నీలవ్వ అతని గడ్డం తిప్పి, వెళ్లమంది. వాడి దగ్గరా, అన్నాడు. ఆమె గడ్డం వదిలేసింది.

మర్నాడు పొద్దున రొట్టె మూట పట్టుకుని కూలీల అడ్డాకు వెళ్లి నిలబడ్డాడు. అక్కడ తనను ఎవరూ ఎరగరనుకున్నాడు, నిజంగానే ఎవరూ ఎరగరు. ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు పక్కనున్నవాడు కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అన్నాడు. జనం ముందుకు వెళ్లారు. అతను ఇంకేదో అన్నాడు. జనం ఆగారు. ఒకడు ఉమ్మేశాడు. కిటికీలోవాడు ఫకీరప్ప వైపు చూసి, గడ్డం ఎగరేసి అడిగాడు.

ఫకీరప్ప సరే అన్నాడు. ట్రాలీ ఎక్కాక వెనక్కి చూశాడు. ఇంకెవరూ ఎక్కలేదు. కొందరు అతన్ని తిడుతున్నారు. వాళ్ల మొహాలను బట్టి, కూలి ఎంత తక్కువై ఉంటుందా అని అంచనా వేసుకుంటూ కూర్చున్నాడు.