గట్టు మీద సగం మీసం

సిద్దిపేటకు తొగుట దిక్కున మా వాగు మలుపు తిరిగే చోట గట్టును నిలువునా కోసింది. రెండు తాటిచెట్ల ఎత్తు. కింద పసుపు, నడుమ బూడిద, పైన తెల్లటి సున్నపురాయి పొరలు. బొక్కల్లో రామచిలుకలు, కొసకు వేలాడే తేనెతెట్టెలు. ఎనభైల్లో ఆ రాయి తవ్వి, బట్టీలో కాల్చి, సున్నం అమ్మేవాళ్లం, నేనూ మా అక్క మొగుడూ. ఆరో తరగతిలోనే బడి నన్ను వదిలించుకుంది. చదువు రాలేదు గానీ నోరు బాగా వచ్చింది.

ఆ గట్టు వాన నీళ్లు తాగి ఎండకు పగులుతుంది. మేం తవ్వే జాగ పక్కనే ఒక పెద్ద పగులు. బావ దాని మీద అడ్డంగా తడి సున్నంతో గీత పూసేవాడు. తెల్లారి గీత తెగి కనిపిస్తే గట్టు కదిలినట్టు. ఆ రోజు కింద తవ్వేది లేదు. రోజూ గడ్డపార పట్టే ముందు ముక్కు ఆనించి మరీ చూసేవాడు.

"బావా, మా అక్క మొఖం గింత సేపు ఎన్నడన్న సూసినవా?"

"మీ అక్క కోపమొస్తె తిడ్తది. దీనికి తిట్టుడు రాదురా."

వానలు తగ్గిన ఒక పొద్దున నేను ముందే వెళ్లి, గుడ్డపేలిక సున్నంలో ముంచి, ఆ గీత మీదే బావ ముఖం గీశాను. పగులుకు అటొక కన్ను, ఇటొక కన్ను, నడుమ బారెడు మీసం. అడుగున గీత తెగి ఉందో లేదో చూడలేదు. నవ్వు ఆపుకోవడమే సరిపోయింది.

బావ వచ్చి చూసి కడుపు పట్టుకున్నాడు. "మీసం నాకంటె దానికే మంచిగున్నది గదరా!" నవ్వుకుంటూనే కిందికి పోయాడు.

నేను బట్టీ దగ్గర ఉన్నాను. ముందు చిలుకలన్నీ ఒక్కసారి లేచాయి. తర్వాత చప్పుడు.

పొలాల్లో వాళ్లను పిలిచి రాళ్లు తీసేసరికి బావకు ఊపిరి లేదు.

అక్క ఒక్కటే అడిగింది. "గీత సూసిండా?"

"సూసిండు" అన్నాను.

పగులుకు అటువైపు గట్టు కూలింది. ఇటువైపు ఒక కన్ను, సగం మీసం మిగిలాయి. వానలకు పోతుందనుకున్నాను. ఎండి రాయికి పట్టిన సున్నం అంత తొందరగా పోదని నాకు తెలియదా?

రెండేళ్లకు అక్క బట్టలుతకడానికి వాగుకు వచ్చి దాన్ని చూసింది.

"మీ బావ మీసం లెక్కనే ఉన్నది గదరా తమ్ముడా. ఎవరు గీసిన్రు?"

ఎన్నడూ మాటకు తడుముకోని నోరు నాది. వంగి ఆమె బట్టలు పిండసాగాను.