పక్కింటి అక్కను గుట్ట ఎక్కించిన రోజు

మా ఇల్లు ఆర్మూరు గుట్ట కిందే ఉండేది నా చిన్నప్పుడు. ఎవరో కుప్ప పోసి మరిచిపోయినట్టు ఒకదాని మీద ఒకటిగా నల్లటి బండలు, వాటి మధ్య లోతు తెలియని సందులు. పైన గుడికి మెట్లున్నాయి కానీ మా వాడ పిల్లలం మెట్ల మీద నడిచింది తక్కువ. బండల మీదుగానే ఎక్కేవాళ్లం.

మా బాపు పసుపు మార్కెట్టులో హమాలీ. పసుపు కాలంలో ఇంటికి వస్తే చొక్కా, మీసం, కనురెప్పలు కూడా పచ్చగా ఉండేవి. నన్ను ఎత్తుకుంటే నా గౌనుకూ అంటేది. నాకు పదకొండేళ్లప్పుడు మార్కెట్టులో పేర్చిన బస్తాలు కూలి ఆయన మీద పడ్డాయి. ప్రాణం దక్కింది కానీ నడుము మళ్లీ బరువుకు లేవలేదు. పని పోయింది. తర్వాత తాగుడు వచ్చింది, దాని వెంట కొట్టడం వచ్చింది. అమ్మ బీడీలు చుట్టి ఇల్లు నడిపేది. దెబ్బలు తిన్న మరునాడు కూడా తల వంచుకుని చుట్టేది. నేను అడ్డం పోతే నాకూ పడేవి.

ఆ తర్వాత రెండేళ్లలో నేను మారిపోయాను. కదులుతున్న లారీ వెనక పట్టుకుని వేలాడుతూ పక్క ఊరు పెర్కిట్ దాకా పోయి వచ్చేదాన్ని. గుట్ట మీద మగపిల్లలు వెనకాడే సందులను నేను దూకేదాన్ని. వాడలో కొందరు పొగరన్నారు, కొందరు దయ్యం పట్టిందన్నారు. బడిలో నా వీపు మీద బెత్తం విరిగింది. ఎవరేమన్నా నాకు లెక్క ఉండేది కాదు. ఇంట్లో భయం ఎప్పుడు వస్తుందో తెలిసేది కాదు. బండ అంచున నిలబడితే వచ్చే భయం మాత్రం నేను పిలిస్తేనే వచ్చేది, దూకేస్తే పోయేది. ఆ ఒక్క క్షణం నేనే అన్నిటికీ పెద్దదాన్ననిపించేది. ఇప్పుడు మాటల్లో చెబుతున్నాను గానీ అప్పుడు ఇదంతా నాకు తెలియదు. దూకాలనిపించేది, దూకేదాన్ని.

గుట్ట సగం పైన ఒక పెద్ద సందు ఉంది. దాన్ని దూకినవాళ్లు ఎవరూ లేరు. కింద చూస్తే బావిలోకి చూసినట్టు ఉంటుంది. ఆదివారం పొద్దున దాన్ని దూకి చూపిస్తానని మగపిల్లలతో పందెం వేశాను.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. చిన్నతనంలో జ్వరం వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. మోకాలి మీద చెయ్యి ఆనించి ఒక పక్కకు ఒరిగి నడిచేది. రోజంతా గడప దగ్గర కూర్చుని బీడీలు చుట్టేది కాబట్టి వాడలో ఎవరు ఏం మాట్లాడుకున్నా ఆమె చెవిన పడేది. ప్రతి ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోయేది, వాన వచ్చినా మానేది కాదు.

ఆ ఆదివారం ఆమె చర్చికి పోలేదు. నేను ఇంట్లోంచి బయటపడేసరికి మా వాకిట్లో నిలబడి ఉంది.

"చెల్లె, జర నన్ను గుట్ట మీదికి తీస్కపోతవా? పుట్టిన కాడి నుంచి గీ గుట్ట కింద్నే ఉన్న, ఒక్కసారన్న పైకెక్కలే."

"నీ కాలుతోని ఎట్లెక్కుతవక్కా?"

"నువ్వున్నవ్ గద. గా బండలన్ని నీకెరుకనేనాయె."

నన్ను ఎవరైనా అలా నమ్మి చాలా కాలమైంది. పందెం గుర్తొచ్చింది, అయినా కాదనలేకపోయాను. కొంత దూరం మెట్ల మీదే మెల్లగా ఎక్కాం. తర్వాత ఆమె మెట్లు వదిలి బండల వైపు చూపించింది. "నువ్వు పోయే తొవ్వల్నే పోదాం" అంది.

నేను ఒక్కదాన్నే అయితే ఆ దారిలో కోతిలా పాకేదాన్ని. ఆ రోజు ప్రతి రాయినీ ముందు నా కాలితో నొక్కి చూశాను. "గాడ పెట్టకక్కా, అది ఊగుతది", "గీడ జారుతది, నా బుజం పట్టుకో" అని చెబుతూనే ఉన్నాను. ఎక్కడ పట్టు ఉంటుందో, ఎక్కడ నాచు ఉంటుందో నాకు అంత వివరంగా తెలుసని నాకే అప్పటిదాకా తెలియదు.

పెద్ద సందుకు కొంచెం కింద ఒక వాలు బండ మీద ఆమె కాలు జారింది. గుట్ట ఎక్కాలన్న కోరిక నన్ను పందెం నుంచి ఆపడానికే కావచ్చు గానీ, ఇది నటన కాదు, నిజంగానే జారింది. రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి పడ్డాను. నా వీపు బండకు కొట్టుకుంది. ఆమె కాళ్లు అంచు దాటి గాలిలో ఉన్నాయి. ఎలా లాగానో తెలియదు గానీ లాగాను. ఇద్దరం అక్కడే కూర్చున్నాం. ఏడుపు వచ్చింది. బాపు కొట్టినప్పుడు రాని ఏడుపు అది.

"నేను పడితే నీకేమైతుండె?" అని అడిగిందామె, ఆయాసపడుతూ.

"గట్లనకక్కా!"

"మరి నువ్వు పడితే మాకేం కాదనుకున్నవా?"

అలాగే అనుకున్నాను మరి. నేను లేకపోయినా ఎవరికీ ఏమీ కాదని ఎప్పుడో గట్టిగా అనుకునే ఉన్నాను. ఆమె నా వీపు తడిమింది. తర్వాత, "చెల్లె, ఇంట్ల ఏమైతున్నది?" అని అడిగింది.

ఎందుకు దూకుతున్నావని అందరూ అడిగారు. ఏమవుతోందని అడిగింది ఆమె ఒక్కతే. అంతా చెప్పాను. ఆమె చివరిదాకా వింది. అయ్యో అని కూడా అనలేదు.

అంతలో పైనుంచి మగపిల్లల కేకలు వినిపించాయి. "ఏయ్, దుంకుతనంటివి గద! భయమైతున్నదా?" నాకు ఒళ్లు మండింది, లేచి నిలబడ్డాను. అప్పుడే ఆమె నవ్వుతూ వాళ్లకు జవాబు చెప్పింది.

"దుంకుడు ఆమెకెంత పని తమ్మీ! కని ఆమె కాలిరిగితే నన్ను కిందికి ఎవలు దింపుతరు? నువ్వెత్తుకపోతవా?"

వాళ్లంతా పగలబడి నవ్వారు. నన్ను చూసి కాదు, కేక వేసిన పిల్లవాణ్ని చూసి. నేను ఓడిపోకుండా దిగిపోవడానికి ఆమె అలా దారి వేసింది. ఆమె చెయ్యి పట్టుకుని దింపాను. పందెం సంగతి తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం నుంచి పొద్దు గూకగానే ఆమె ఇంట్లోనే ఉండేదాన్ని. అక్కడే చదువు, అక్కడే తిండి, అక్కడే పడక. ఒకరోజు బాపు తాగి వచ్చి నన్ను పంపమని అరిచాడు. ఆమె గడపకు అడ్డంగా నిలబడి, "పొద్దుగాల మంచిగ రా అన్నా, పంపిస్త. గిప్పుడు మాత్రం పంప" అంది. వాడలో ఆడవాళ్లు బీడీల చాటలు పక్కన పెట్టి ఒక్కొక్కరే వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. వాళ్లలో మా అమ్మ కూడా ఉంది. అమ్మ తల ఎత్తి బాపును చూడడం నేను చూసింది ఆ రోజే. ఆయన తిరిగి వెళ్లిపోయాడు. తాగుడు పూర్తిగా మానలేదు కానీ మళ్లీ చెయ్యి ఎత్తలేదు.

నేను చదువుకున్నాను. డిచ్‌పల్లి దగ్గర ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరయ్యాను. గోడ దూకిన పిల్లలు, బ్లేడుతో చేతులు కోసుకున్న పిల్లలు, ఎవరి బైకు మీదో హైవేలో గాలిలా పోయిన పిల్లలు, అందరినీ చూశాను. వాళ్లను మొండివాళ్లని ఫైళ్లలో రాసి నా దగ్గరికి పంపేవారు. నేను ముందు ఆ పిల్లను ఏదో ఒక సాయం అడిగేదాన్ని. నిజంగా అవసరమైన సాయమే. అది చేస్తున్నప్పుడు పక్కన కూర్చుని, ఇంట్లో ఏమవుతోందని అడిగేదాన్ని.

ఇప్పటికీ మా వాడలో ఎవరో ఒకరు పిల్లను నా దగ్గరికి పట్టుకొస్తారు, నాలుగు బుద్ధి మాటలు చెప్పమని. నేను బుద్ధులేవీ చెప్పను. అదే మాట అడుగుతాను. కొందరు వెంటనే చెబుతారు. కొందరు నెలల తరబడి వచ్చి, కూర్చుని, ఏమీ చెప్పకుండా లేచిపోతారు. నాకు తొందరేమీ లేదు. మళ్లీ రమ్మంటాను.