అమ్మ కనపడని పెళ్లి క్యాసెట్

మా అక్క మెడలో బావ మూడు ముళ్లు వేస్తుంటే, టీవీ తెర ఎడమ మూల నుంచి రెండు తెల్ల పావురాలు ఎగిరొచ్చి సరిగ్గా వాళ్లిద్దరి తలల మధ్య వాలాయి. వాటి వెనకే ఒక ఎర్ర గుండె బొమ్మ ఉబ్బి, పేలి, గులాబీ రేకులై రాలింది. పైన ఒక సినిమా పాట. పెళ్లయిన పదేళ్లకో పన్నెండేళ్లకో వచ్చిన పాట అది. సన్నాయి లేదు, డోలు లేదు, పంతులు గొంతు లేదు, మా మేనత్తలు పాడిన పాటలు లేవు.

భద్రాచలం బస్టాండు దగ్గర ఒక స్టూడియోలో కూర్చుని నేను ఇదంతా చూస్తున్నాను. వీడియో డెక్కులు మూలపడి సీడీలు వచ్చిన రోజులవి. జనం ఇళ్లలో ఉన్న పాత క్యాసెట్లను సంచుల్లో వేసుకొచ్చి సీడీల్లోకి ఎక్కించుకుని పోతున్నారు. స్టూడియో ఆయన నా కుర్చీ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, నేనెప్పుడు మెచ్చుకుంటానా అని.

"ఎట్లుంది మేడం?"

"మా అమ్మేది?" అన్నాను.

ఆయన తెల్లబోయాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా బడిలో ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలుసు. ఆయనకే అప్పటికి తెలియదు.

అమ్మ పోయి అప్పటికి పది నెలలు. ఆమెకున్న ఫోటో ఒక్కటే, వితంతు పింఛను కాగితానికి అంటించిన బొటనవేలంత ఫోటో. దినాలప్పుడు దాన్ని పెద్దది చేయించడానికి ఇంకో దుకాణానికి పోతే, అక్కడి మనిషి కంప్యూటర్ ముందు కూర్చుని, "బొట్టు పెట్టమంటరా అమ్మా? అందరు పెట్టిస్తున్నరు" అన్నాడు. ఇరవై ఏళ్లకు పైగా ఆమెను బొట్టు పెట్టుకోనివ్వలేదు. చచ్చిపోయాక కంప్యూటర్‌లో పెడతారట. వద్దు, ఉన్నది ఉన్నట్టు చేయమని గట్టిగా చెప్పి వచ్చాను.

ఆ ఫోటోలో అమ్మ బిగుసుకుని ఉంటుంది. నాకు కదిలే అమ్మ కావాలి. కొంగు ఎలా దోపుకునేది, మిరపకాయల బుట్ట దించి దించి ఎడమ భుజం ఎలా ఒకింత కిందికి వాలిపోయింది, ఎవరైనా పిలిస్తే మొహం తిప్పకుండా ముందు కళ్లు ఎలా తిప్పేది. ఇవన్నీ పది నెలలకే నా నుంచి జారిపోతున్నాయి. భయమేసింది. అప్పుడు గుర్తొచ్చింది అక్క పెళ్లి క్యాసెట్. ఇనప్పెట్టెలో బొంతల కింద ఉంది. రీలు మీద తెల్లగా బూజు.

ఆ క్యాసెట్‌ది పెద్ద కథ. మా ఊరు భద్రాచలం నుంచి పర్ణశాల పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి పోవాలి. నేను ఐదో తరగతిలో ఉండగా నాన్న కామెర్లతో పోయాడు. గోదావరి ఒడ్డున ఉన్న కాస్త చేనులో మిరప వేసి అమ్మ మా ఇద్దరినీ పెంచింది. అక్కకు సంబంధం కుదిర్చింది అమ్మ. బట్టలు తెచ్చింది అమ్మ. పందిరికి తాటాకు కొట్టించింది అమ్మ. తీరా లగ్నం పెట్టుకున్న రోజు మా పెదనాన్న వచ్చి మంచం మీద కూర్చుని, అమ్మ ఎదురుగా ఉండగానే ఆమె లేనట్టు చెప్పాడు.

"కన్యాదానం నేను, మీ పెద్దమ్మ చేస్తం. తాళి టైంకు మీ అమ్మ ముంగటికి రావొద్దు. మగపెళ్లోళ్లు పట్టింపుగల్లోళ్లు."

అమ్మ తలూపింది. ఒక్కటే అడిగింది.

"వీడియో తీపియ్యాలె బావా."

"అదెందుకు? దండగ."

"నేను ఎట్లాగు ముంగటికి రాను గద. తర్వాత కూసోని సూసుకుంట."

ఆ మాట నేను తలుపు చాటు నుంచి విన్నాను. కన్నబిడ్డ మెడలో తాళి పడడం చూడడానికి మా అమ్మ కిరాయికి కెమెరా మాట్లాడుకోవాల్సి వచ్చింది. మగపెళ్లివారి తరఫున పేరు కూడా తెలియని ఎవరో ముందు వరసలో కాళ్లు చాపుకుని కూర్చుని చూడొచ్చు. ఆమె చూడకూడదు. నేను ఈ సంగతి స్టాఫ్ రూములో చెప్పాను, బస్సులో పక్క సీటువాళ్లకు చెప్పాను, పెదనాన్న బతికుండగా ఆయన మొహం మీదే చెప్పాను. ఆయన పోతే నేను కర్మకు పోలేదు. చచ్చినవాళ్ల మీద పగ ఉండొద్దని చుట్టాలు నీతులు చెప్పారు. బతికున్న మనిషిని గుమ్మం దాటనియ్యనప్పుడు ఈ నీతులు ఎక్కడికి పోయాయని అడిగాను. ఎవరినీ జవాబు చెప్పనియ్యలేదు.

ఇంత చెప్పిన నేను, ఆ క్యాసెట్‌ను మాత్రం ఎప్పుడూ చూడలేదు. పెళ్లప్పుడు నేను ఖమ్మంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాను. పెళ్లయిన మూడో రోజే ప్రాక్టికల్స్ ఉన్నాయని వెళ్లిపోయాను. అక్కా బావా మొదటిసారి ఊరికి వచ్చినప్పుడు అమ్మ టీవీ, డెక్కు కిరాయికి తెప్పించి ఊరందరికీ వేసి చూపించిందట. ఆ తర్వాత మా ఇంట్లో డెక్కు లేదు, క్యాసెట్ పెట్టెలోకి పోయింది.

అందుకే స్టూడియోలో కూర్చున్నప్పుడు నేను ఆ పెళ్లిని తెర మీద చూడడం అదే మొదలు. రెండు సీడీలు చూశాను. కూలరును చూశాను, అది తిరుగుతున్నంతసేపూ చూశాను. స్టీలు బిందెల వరస చూశాను. బావ వాళ్ల మేనమామ లడ్డు తినడం మూడుసార్లు చూశాను. అమ్మ ఒక్కసారీ లేదు.

"మూడు గంటల క్యాసెట్ మేడం. పెద్దగ ఉంటే ఎవ్వరు సూడరు. వేస్టంత తీసేసి రెండు సీడీలకు సర్దిన" అన్నాడు ఆయన.

"వేస్టంటే ఏంటి?"

"గదే, ఎనక జనం, కెమెరా ఊగినయి, వంటలకాడ తీసినయి."

"వంటల దగ్గరే కదండీ మా అమ్మ ఉన్నది! కూలరు వేస్టు కాదా? లడ్డు తినేవాడు వేస్టు కాదా? పాటలు పెట్టమని మీకెవరు చెప్పారు?"

"పాటల్లేకుంటే ఎట్ల మేడం, సప్పగ ఉంటది. మా దగ్గర అందరు మిక్సింగ్ చేపిచ్చుకుంటరు. మీది బూజు పట్టిన రీలు, రెండు రోజులు చేత్తోటి తుడిసిన. అది సూడరేంది?"

తుడిచిన మాట నిజం. ఆయన వేళ్లకు ఇంకా నల్లటి మసి ఉంది. కానీ ఎద్దు పుండు కాకికి ముద్దా? నేను ఒంటికాలి మీద లేచాను. నా క్యాసెట్ నాకిచ్చేయండి, ఖమ్మం పోయి చేయించుకుంటాను, మీ పావురాలు మీరే ఉంచుకోండి అన్నాను. పక్కన పాస్‌పోర్టు ఫోటో కోసం పౌడరు రాసుకుంటున్న ఒకాయన అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు.

స్టూడియో ఆయన మసి వేళ్లు గుడ్డతో తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"మీ అమ్మగారికి బొట్టు ఉండదా మేడం?"

"ఉండదు."

"అయితే ఉన్నది. ఒక్కకాడ ఉన్నది. తాళి కట్టేటప్పుడు, ఎనక, లోపలి అర్ర గుమ్మంల. శుభమా అని తాళి కడ్తుంటే బొట్టు లేని ఆమె కనపడుతుంది, సూసినోళ్లు ఏమన్న అనుకుంటరని… ఆ పావురాలు అందుకే పెట్టిన."

పదిహేనేళ్ల తర్వాత, కంప్యూటర్లు వచ్చాక, ఆ పెళ్లికీ ఆ ఇంటికీ ఏ సంబంధమూ లేని మనిషి, మా అమ్మ ముఖం కూడా ఎరగని మనిషి, ఆమెను మళ్లీ లోపలికి పంపాడు. పెదనాన్న నోటితో చెప్పాడు, ఈయన పావురాలతో కప్పాడు. ఇంకెంతమంది ఉన్నారు ఈ ఊళ్లలో ఆమెకు అడ్డం నిలబడడానికి అని అరిచాను.

"అసలు క్యాసెట్ వేయండి. పాటలూ బొమ్మలూ ఏమీ లేకుండా" అన్నాను.

"అవసరమా మేడం?"

"వేయమంటున్నానా."

ఆయన డెక్కులో క్యాసెట్ పెట్టి, ముందుకు తిప్పి, ఆపాడు. ముందు సన్నాయి వినపడింది. గట్టిమేళం. అక్క తల వంచుకుని ఉంది. బావ చేతులు ఆమె మెడ వెనక్కి పోయాయి. వాళ్లిద్దరి తలల మధ్య, వెనక చీకటి అర్ర గుమ్మంలో, అమ్మ.

కుడి చేతికి మోచేతి దాకా శనగపిండి. దాన్ని దేనికీ తగలకుండా పైకెత్తి పట్టుకుంది. ఎడమ చేత్తో తలుపు పట్టుకుని మునివేళ్ల మీద లేచింది. నాకు మెడ ఇలా సాచిన అమ్మ గుర్తులేదు. అంత చిన్న మనిషి అని కూడా గుర్తులేదు. పెదవులు కదులుతున్నాయి. ముళ్లు లెక్కపెడుతోంది. ఒకటి. రెండు.

అప్పుడు ఒక గొంతు వినపడింది, మేళం మీద నుంచి, కెమెరాకు బాగా దగ్గర నుంచి. అది పెదనాన్నదేనని నేను ముందే అనుకున్నాను. కాకపోతే పెద్దమ్మది. నేను సిద్ధంగా ఉన్నాను.

"అమ్మా, నువ్వు లోపలికి పో. వీడియోల పడ్తవ్. అందరు సూస్తున్నరు."

ఆ గొంతు నాది.

కళ్లు ముందు తిప్పి, తర్వాత మొహం తిప్పి, అమ్మ నా వైపు చూసింది. చూసి, వెనక్కి తిరిగి చీకట్లోకి వెళ్లింది. అప్పుడు బావ మూడో ముడి వేశాడు.

ఆ రోజు నేను కెమెరా ఆయన పక్కన లైటు వైరు పట్టుకుని నిలబడ్డానని నాకు గుర్తే. మా ఊళ్లో అదే మొదటి వీడియో, ఆ వైరు పట్టుకోవడం నాకెంత గొప్పో కూడా గుర్తే. ఈ మాట మాత్రం గుర్తులేదు. పెదనాన్న నాకు చెప్పి ఉంటాడు, మీ అమ్మను చూసుకో అని, నేను భయపడి అని ఉంటాను అనుకోవాలని చూశాను. క్యాసెట్‌లో పెదనాన్న అక్కడే, పీటల మీద, అక్షింతలు పట్టుకుని ఉన్నాడు. ఆయన వెనక్కి తిరగను కూడా లేదు. నా గొంతులో భయం లేదు. విసుగు ఉంది. హాస్టల్లో చదువుకునే పిల్లకు, శనగపిండి చేతుల తల్లి నలుగురిలో కనపడుతుంటే కలిగే సిగ్గు ఉంది.

స్టూడియో ఆయన అద్దం వైపు చూస్తూ అన్నాడు, "మొన్న మీరు క్యాసెట్ ఇచ్చేటప్పుడు విన్న గొంతే అని గుర్తుపట్టిన. బాగుండదని దాని మీద పాట పెట్టిన."

అంటే ఈయనకు నా మీద దయ కలిగింది. అది నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించింది, కానీ ఆ కోపం తీసుకుపోయి పెట్టడానికి చోటు దొరకలేదు. అలవాటు కొద్దీ పెదనాన్న కోసం వెతికాను. దొరకలేదు.

"మూడు గంటలూ ఎక్కించండి. పాటలు వద్దు" అన్నాను.

"ఆ ముక్క గూడనా?"

"అది కూడా."

వారం తర్వాత మూడు సీడీలు తీసుకుని అక్క దగ్గరికి పోయాను. అక్క కాపురం మధిరలో. ఖమ్మంలో బస్సు మారి పోవాలి. దారంతా నేను అక్కకు ఏం చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. అమ్మను అందరూ బయట పెట్టారని పదిహేనేళ్లు నేను ఎగిరింది ఎక్కువగా ఆమె ముందే. ఆమె ఎన్నడూ అవునని గానీ కాదని గానీ అనలేదు. మంచి మనిషి, గొడవలంటే గిట్టదు అనుకునేదాన్ని. బావ డ్యూటీకి పోయాక, ఇద్దరం కింద చాప వేసుకుని టీవీ ముందు కూర్చున్నాం. రెండో సీడీలో తాళి దగ్గర పడుతుంటే నేను ఆపాను.

"అక్కా, ఇక్కడ ఒక మాట వస్తది. నేను అన్నదే. ముందే చెప్తున్న."

"తెలుసులేవే" అన్నది అక్క.

"ఏం తెలుసు?"

"అమ్మని లోపలికి పొమ్మన్నావు. పీటల మీద నాకు వినపడలేదనుకున్నావా? నీ గొంతు మేళాన్ని కూడా దాటుద్ది."

నవ్వబోయింది గానీ నా మొహం చూసి ఆపింది. తర్వాత ఆమె చెప్పింది. కిరాయికి తెచ్చిన టీవీని అరుగు మీద పెట్టి ఊరంతటికీ వేశారు కదా, ఆ రోజు సంగతి. తాళి కట్టే ఘట్టం రాగానే అమ్మ లేచి, టీవీ దగ్గరికి పోయి, గుండీ తిప్పి సౌండు పూర్తిగా తగ్గించేసింది. జనం గోల చేశారు. టీవీ ఖరాబైంది, ఆగండి అన్నది. తాళి అయిపోయాక మళ్లీ పెంచింది.

"ఎందుకని అడిగితే, 'చిన్నదాని మాట నలుగురి నోట్ల పడితే ఎట్ల, పెండ్లి కావాల్సిన పిల్ల' అన్నది. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు పెట్టించుకుంది."

నేను అడిగాను. "మరి మూడో ముడి? టీవీలోనన్న చూసిందా?"

"ఎక్కడ చూసింది? టీవీ పక్కన నిలబడి జనం మొహాలు చూస్తా ఉంది, ఎవరన్నా విన్నారేమోనని."

నేను సీడీ మళ్లీ నడిపాను. సన్నాయి, గట్టిమేళం. సౌండు తగ్గించడానికి అక్క చెయ్యి రిమోటు మీదకు పోయింది. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. నా గొంతు గదిలో గట్టిగా వినపడింది. అమ్మ వెనక్కి తిరిగింది. బావ మూడో ముడి వేశాడు.